నలభై మూడడుగుల ఏకగ్రీవం

కెట్లర్ బెండ్ పురజనులకు, ఇతర ఆసక్తిపరులకు తెలియజేయడమేమనగా, మా ఊరి పెద్దమనిషి వెర్లిన్ కూల్‌మన్ నలభై మూడడుగుల పొడవు గల ఫిఫ్త్ వీల్ బండి ఒకటి కొన్న తరువాత, అది తన ప్రయాణ శైలికి సరిపోతుందా లేదా అన్న విషయం తేల్చడానికి ఒక సంఘం ఏర్పాటైంది. కొన్న తరువాత తేల్చడమేమిటని ఎవరికైనా అనుమానం వస్తే, వాళ్ళు మా ఊరివాళ్ళు కారని అర్థం. కొనకముందు అడిగితే ఎవరో ఒకరు వద్దనాల్సి వస్తుంది. అమెరికా నడిమధ్యన ఉన్న మా నెబ్రాస్కాలో మనిషి మొహం మీద వద్దనడం మర్యాద కాదు. ఆ సంఘానికి కార్యదర్శిని నేనే. పేరు డెల్మర్. ముప్పై రెండేళ్ళు ఈ ఊళ్ళో ఉత్తరాలు పంచాను కాబట్టి నాకు రాయడం వచ్చని అందరూ అనుకుంటారు.

ఫిఫ్త్ వీల్ అంటే పికప్ ట్రక్కు వెనక తొట్టిలో ఉన్న కొక్కేనికి తగిలించి లాక్కుపోయే ఇల్లు. వెర్లిన్ కొన్నదానిలో వంటగది మధ్యన రాతి బల్ల ఉంది, పడుకుని టీవీ చూసే కుర్చీలు రెండున్నాయి, టీవీలు మూడున్నాయి, కట్టెలు లేకుండానే మండుతున్నట్టు కనిపించే పొయ్యి ఉంది. మీట నొక్కితే నాలుగు వైపులా గోడలు బయటికి జరిగి గదులు వెడల్పవుతాయి. స్నానాల గదులు రెండు. ఇంట్లో వెర్లిన్‌కి ఉన్నది ఒకటే. పల్లెపట్టుకు వెళ్ళి ప్రకృతి ఒడిలో సాదాసీదాగా నాలుగు రోజులు గడపాలంటే ఈ మాత్రం సామగ్రి ఉండాలని సేల్స్‌మన్ చెప్పాడు.

వెర్లిన్ నలభై ఏళ్ళు మా ధాన్యం గోదాముకు మేనేజరు. వచ్చిన ప్రతి లారీనీ కాటా ఎక్కించి తూచడం, మొక్కజొన్నలో తేమ ఎంతుందో చూడడం ఆయన పని. అందుచేత దేనికైనా బరువు, పొడవు తెలిస్తే దాని సంగతంతా తెలిసినట్టేనని ఆయన నమ్మకం. మంచివాడు. ఎవరి పెరట్లో మంచు పేరుకున్నా చెప్పకుండా వచ్చి తోసి వెళ్ళిపోతాడు. రిటైరైన రోజున, ఇక మార్వీన్‌ని దేశమంతా తిప్పుతానని చర్చి నేలమాళిగలో నూట పది మంది ముందు ప్రకటించాడు. మేమందరం చప్పట్లు కొట్టాం. మార్వీన్ ఆయన భార్య. ఆమె కూడా కొట్టింది.

ఆమెకు దేశమంతా అక్కర్లేదు. ఒక్క సముద్రం చాలు. నెబ్రాస్కాలో పుట్టి పెరిగిన మనిషి, అరవై తొమ్మిదేళ్ళొచ్చినా ఉప్పునీళ్ళు చూడలేదు. వాళ్ళ వంటింట్లో ఎరువుల కొట్టువాడు పంచిన కేలండరు ఒకటి వేలాడుతూ ఉంటుంది. అది పందొమ్మిది వందల ఎనభై మూడో సంవత్సరం ఆగస్టు నెల దగ్గర ఆగిపోయింది. ఆ పేజీ మీద పడమటి సముద్రం ఒడ్డున, ఆరెగాన్‌లో ఒక కొండ కొమ్ము, దాని మీద నాలుగైదు చిన్న డేరాలు, కింద అంతా నీలం. నలభై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఆగస్టు నెలే నడుస్తోంది. పేజీ తిప్పడం మార్వీన్ మరిచిపోతోందని వెర్లిన్ అనుకునేవాడు. భార్య మరపును ఎత్తి చూపకపోవడం ఆయన సంస్కారం.

గత ఫిబ్రవరిలో కళ్ళ డాక్టరు మార్వీన్‌కి ఒక మాట చెప్పాడు. చూపు నడిమధ్యన మసక మొదలైంది, ఏడాదికో రెండేళ్ళకో అది పెరుగుతుంది, చుట్టుపక్కలవి కనిపిస్తాయి గానీ ఎదురుగా ఉన్నది కనిపించదు, చూడదలచుకున్నవేమైనా ఉంటే ఆలస్యం చెయ్యొద్దు అన్నాడు. ఆమె ఇంటికొచ్చి ఆ సంగతి వెర్లిన్‌తో చెప్పింది. ఆయన ఆ రాత్రి నిద్రపోలేదని, తెల్లారేసరికి సేల్స్‌మన్ నంబరు వెతికి పట్టుకున్నాడని మా ఆవిడ ఆర్డిత్ చెప్పింది. ప్రేమ లేదని ఎవరూ అనలేరు. ప్రేమ నలభై మూడడుగులుంది.

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. ఇది తెలియకపోతే తరువాతి సంగతులు అర్థం కావు. మా దగ్గర ఎవరైనా కాఫీ తాగుతావా అని అడిగితే మొదటిసారి, "అబ్బే, నాకెందుకులే" అనాలి. రెండోసారి అడిగితే, "నీకెందుకు శ్రమ" అనాలి. మూడోసారి అడిగితే, "సరే, అరకప్పు పొయ్యి" అనాలి. అప్పుడు నిండా పోస్తారు. ఆ వెంట ఇచ్చే, రూబార్బు కాడలు కూరి కాల్చిన తీపి రొట్టె ముక్కకు కూడా ఇదే వరస. మనిషి మనసులో ఏముందో మూడోసారికి గానీ బయటికి రాదని మాకందరికీ తెలుసు కాబట్టి, మూడుసార్లు అడగకుండా ఎవరినీ వదలం. పదకొండేళ్ళ కిందట పక్క రాష్ట్రం నుంచి బీమా ఏజెంటు ఒకడొచ్చి మొదటిసారికే అవునన్నాడు. అతని గురించి ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉంటాం.

ఏప్రిల్‌లో వెర్లిన్, మార్వీన్ జిల్లా కేంద్రంలో బళ్ళమ్మే చోటికి వెళ్ళారు. సేల్స్‌మన్ పేరు బ్రైస్. అతను ముందుగా వాళ్ళ ప్రయాణ శైలి ఏమిటో శాస్త్రీయంగా నిర్ణయించాలని చెప్పి ఇరవై రెండు ప్రశ్నల పత్రం చేతికిచ్చాడు. మీకు ఐస్ ముక్కలు తయారుచేసే యంత్రం ఎంత ముఖ్యం? చాలా ముఖ్యమా, అత్యంత ముఖ్యమా? మీరు సూర్యాస్తమయాన్ని ఏ భంగిమలో చూడడానికి ఇష్టపడతారు? మీ ఇంటికి అతిథులు వస్తే వాళ్ళ అతిథులు ఎక్కడ పడుకుంటారు? ఇలా ఉన్నాయి. వెర్లిన్ కళ్ళద్దాలు పెట్టుకుని ఇద్దరి తరఫునా నింపాడు. ఎక్కడికి వెళ్ళాలనుకుంటున్నారన్న ప్రశ్న ఆ పత్రంలో లేదు. మార్వీన్ వెనక్కి తిప్పి కూడా చూసిందట. మార్కులు కలిపి చూస్తే వాళ్ళది "ఉన్నత స్థాయి సుదీర్ఘ విశ్రాంత సంచార" శైలి అని తేలింది. ఆ శైలికి తగిన బండి అదృష్టవశాత్తూ ఆ ఆవరణలో ఒక్కటే మిగిలి ఉంది.

అప్పుడు వెర్లిన్ భార్యవైపు తిరిగి, "ఏం మార్వీన్, బాగుంది కదా?" అని అడిగాడు.

మార్వీన్ దాని ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి వచ్చింది. కొంచెం సేపు పట్టింది. "బాగానే ఉంది. నీ ఇష్టం" అంది.

వెర్లిన్ సంతకం పెట్టేశాడు. పాఠకులు గమనించాలి. ఈయన కాఫీకి మూడుసార్లు అడిగే మనిషి. కిందటి క్రిస్మస్‌కి ఉడికించిన బంగాళాదుంప ఇంకొకటి వేసుకోమని నన్ను అయిదుసార్లు అడిగాడు. నలభై మూడడుగుల బండికి భార్యను ఒక్కసారి అడిగాడు. ఆమె జవాబు మా ఊరి లెక్క ప్రకారం మొదటి జవాబు. మొదటి జవాబుకు ఏమీ విలువ లేదు. ఈ విషయం ఆయనకు తెలియక కాదు, బ్రైస్ కలం మూత తీసి చేతికిచ్చేశాడు, అంతే.

బండి ఇంటికొచ్చాక వెర్లిన్‌కి కొంచెం గుబులు పట్టుకుంది. ఇంటి ముందరి దారిలో పెడితే దాని తోక గ్యారేజీకి ఆనింది, ముక్కు వీధిలోకొచ్చింది. మార్వీన్ వంటింటి కిటికీ పూర్తిగా మూసుకుపోయింది. మేం వెళ్ళి చూసి, "అబ్బో, ఇలాంటిది ఎక్కడా చూడలేదే" అన్నాం. మా ఊళ్ళో అంతకంటే కఠినమైన విమర్శ లేదు. పాస్టరుగారి కొత్త గడ్డాన్ని కూడా మేం ఆ మాటే అన్నాం, వారంలో తీయించేశాడు. వెర్లిన్ మాత్రం దాన్ని మెచ్చుకోలు కింద తీసుకున్నట్టు నటించి, ఎందుకైనా మంచిదని సంఘాన్ని వేశాడు.

సంఘంలో ముగ్గురం. అధ్యక్షుడు వెర్లిన్. ఉపాధ్యక్షుడు మార్వీన్ తమ్ముడు గేలెన్. ఒకసారి సొంత డేరా కొనుక్కుని, విప్పకుండానే తిరిగి అమ్మినందువల్ల అతనికి అనుభవం ఉందని ఎన్నుకున్నాం. మూడోవాణ్ణి నేను. మార్వీన్ సభ్యురాలు కాదు. ఆమె కూడా కూర్చుంటే కాఫీ ఎవరు పోస్తారన్న ఇబ్బంది ఉంది కదా. ప్రతి గురువారం సాయంత్రం గ్యారేజీలో సమావేశం. ఎజెండా ఎప్పుడూ ఒకటే: ఈ బండి మన ప్రయాణ శైలికి నప్పుతుందా?

మొదటి సమావేశంలో గేలెన్ ప్రసంగించాడు. మనిషి చరిత్రంతా ఇంటిని పెద్దది చేసుకోవడం, తరువాత ఆ ఇంటి నుంచి పారిపోవడం అనే రెండు పనులతోనే గడిచిందని, ఇల్లు కూడా వెంట వస్తే పారిపోవాల్సిన అవసరమే ఉండదని, ఆ విధంగా తన బావ నాగరికత సమస్యనే పరిష్కరించాడని చెప్పాడు. మేం ముగ్ధులమయ్యాం. మినిట్స్‌లో "సుదీర్ఘంగా చర్చించడమైనది" అని రాశాను. కాఫీ పోస్తూ మార్వీన్, ఆరెగాన్‌కి ఎన్ని రోజులు పడుతుందని నన్ను మెల్లిగా అడిగింది. ఆ అంశం ఎజెండాలో లేదని చెప్పాల్సి వచ్చింది. నాకు జాలేసింది. జాలిని మినిట్స్‌లో ఎక్కించే పద్ధతి లేదు.

రెండో వారం బండిని ధాన్యం గోదాము కాటా మీదికి ఎక్కించాం. సామానుతో ఒకసారి, సామాను లేకుండా ఒకసారి, మార్వీన్ లోపల కూర్చుని ఉండగా ఒకసారి, ఆమె దిగాక ఒకసారి తూచి వెర్లిన్ నోటుబుక్కులో రాసుకున్నాడు. చివరి రెండు అంకెల మధ్య తేడా ఎంతో ఆయన ఎవరికీ చెప్పలేదు. నలభై ఏడేళ్ళ కాపురం ఊరికే నిలబడలేదు.

జూన్ నెలలో పరీక్షా ప్రయాణం. మా వైపు ఫిఫ్త్ వీల్ కొన్నవాళ్ళందరూ మొదట తమ ఇంటి ముందరే మూడు రాత్రులు మకాం వేసి చూసుకుంటారు. ఏదైనా మరిచిపోతే లోపలికెళ్ళి తెచ్చుకోవచ్చు. వెర్లిన్ దంపతులు ఒక శుక్రవారం సాయంత్రం ఇంటికి తాళం వేసి, పదకొండడుగులు నడిచి, బండిలోకి ఎక్కారు. వీధివాళ్ళందరం చేతులూపి సాగనంపాం. ఆర్డిత్ దారి ఖర్చుకని రొట్టెలు చేసిచ్చింది. మూడు రాత్రులు పదకొండయ్యాయి. వెర్లిన్‌కి అక్కడ అంత బాగా కుదిరింది. పొద్దున్నే బయట మడత కుర్చీ వేసుకుని తన ఇంటినే చూస్తూ కాఫీ తాగేవాడు. "చక్కటి చోటు, పొరుగువాళ్ళు కూడా మంచివాళ్ళు" అని నాతో అన్నాడు. ఆ పొరుగువాణ్ణి నేనే.

ఆ పదకొండు రోజుల్లోనూ పొద్దునా సాయంత్రమూ ఒక కసరత్తు జరిగేది. వెర్లిన్ నూట నాలుగు అంశాల జాబితా పట్టుకుని గట్టిగా చదివేవాడు, మార్వీన్ ఒక్కొక్కటే చేసేది. బండిని నిలబెట్టే ఇనప కాళ్ళు దించు, కరెంటు తీగ ఊడదియ్యి, పికప్ వెనక తలుపు దించు, కొక్కెం పిడి లాగు, ముందుకు కదిలించు. మళ్ళీ తగిలించు. కుళ్ళునీళ్ళ గొట్టం కూడా ఆమే పట్టుకునేది, ఎందుకంటే జాబితా తడిసిపోకూడదు. పదకొండు రోజులయ్యేసరికి ఆమెకు ఆ జాబితా చూడకుండా వచ్చేసింది. చూపు తగ్గుతున్న మనిషికి అది ఉపయోగమేనని గేలెన్ అన్నాడు.

జులైలో అసలు ప్రయాణం, ముప్పై మైళ్ళ దూరంలో ఉన్న రిజర్వాయరు దాకా. అక్కడ బండిని వెనక్కి నడిపి చెట్ల మధ్యన చూపించిన చోట పెట్టాలి. ఇలాంటి పొడవాటి బండి వస్తే మకాముల్లో ఉన్నవాళ్ళందరూ చేస్తున్న పని వదిలేసి, మడత కుర్చీలు తెచ్చుకుని వరసగా కూర్చుంటారు. ఆ ఊళ్ళల్లో సినిమాహాళ్ళు మూతపడడానికి ఇది ఒక కారణం. భర్త లోపల కూర్చుని చక్రం తిప్పుతాడు, భార్య వెనక నిలబడి చేతులూపుతుంది, అరగంట గడిచేసరికి ఎన్నేళ్ళ కిందటి సంగతులో బయటికొస్తాయి. కానీ మావాళ్ళు మర్యాదస్థులు. మార్వీన్ ఎడమకు ఎడమకు అని చెయ్యి ఊపుతూ ఉంటే వెర్లిన్ కుడికి తిప్పుతూ, "అలాగే, థాంక్యూ" అంటూ వచ్చాడు. పూర్తిగా గంటా యాభై నిమిషాలు. మంచినీళ్ళ పంపు ఒకటి, మొక్కజొన్న కంకులు కాల్చుకునే పొయ్యి ఒకటి వాళ్ళ మర్యాదకు బలైపోయాయి. చివరికి కట్టెలు కొట్టే ముసలాయన ఎవరో వచ్చి తాను పెట్టిస్తానని మూడుసార్లు అడిగాడు, మూడోసారికి వెర్లిన్ దిగాడు. ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం మార్వీన్ రిజర్వాయరు గట్టు మీద చాలా సేపు కూర్చుంది. అవతలి గట్టు కనిపిస్తూనే ఉంది.

ఆగస్టు మొదటి వారంలో మార్వీన్ ఎవరికీ చెప్పకుండా ఆరెగాన్‌కి ఫోన్ చేసింది. కేలండరు బొమ్మలో ఉన్న కొండ కొమ్ము మీద ఇప్పటికీ మకాములున్నాయట. సెప్టెంబరులో చోటు కూడా ఉందట. అయితే దారి సన్నం, మలుపులెక్కువ, ఇరవై నాలుగడుగులు దాటిన బండిని గేటు దగ్గరే ఆపేస్తారట. ఈ సంగతి గురువారం సమావేశంలో కాఫీ గిన్నె పట్టుకుని నిలబడే చెప్పింది. సంఘం నిర్ఘాంతపోయింది. నలభై మూడులోంచి ఇరవై నాలుగు తీసేస్తే పందొమ్మిదడుగులు మిగులుతున్నాయి. ఆ పందొమ్మిదడుగులూ ఏం చెయ్యాలన్నదాని మీద చర్చ జరిగింది. స్నానాల గది ఒకటి, పొయ్యి, టీవీలు రెండు ఆ భాగంలోకే వస్తాయని లెక్క తేలింది.

బండిని మార్చడం కుదరదు కాబట్టి గమ్యాన్ని మార్చాలని గేలెన్ ప్రతిపాదించాడు. కాన్సస్‌లో ఒక విహార కేంద్రం ఉంది. చదునైన నేల, అరవై అడుగుల బండినైనా నేరుగా తోలుకుపోయి ఆపొచ్చు, వెనక్కి నడిపే పనే లేదు. పైగా అక్కడ ఒక పెద్ద ఈతకొలను ఉంది. "అందులో గంటకోసారి మోటారుతో అలలు కూడా పుట్టిస్తారక్కా" అన్నాడు గేలెన్, లేచి నిలబడి. "సముద్రంలో ఏముంది? నీళ్ళూ అలలే కదా. అసలు సముద్రంలో అలలు ఎప్పుడొస్తాయో ఎవడికీ తెలీదు. ఇక్కడ టైంటేబులు గోడకి అంటించి ఉంటుంది. కూర్చోడానికి కుర్చీలిస్తారు. సొరచేపలుండవు. సముద్రానికి ఉన్న లోపాలన్నీ సరిదిద్ది పెట్టార్రా అనిపించింది నాకు."

వెర్లిన్ ముఖంలో వెలుగొచ్చింది. సంఘం ఏకగ్రీవంగా ఆమోదించింది. నేనూ చెయ్యెత్తాను. ఎందుకెత్తానని తరువాత ఆర్డిత్ అడిగింది. మిగిలిన ఇద్దరూ ఎత్తారు మరి.

వెర్లిన్ భార్యవైపు తిరిగి, "ఏమంటావ్ మార్వీన్?" అన్నాడు.

"నాకొద్దు" అంది మార్వీన్.

అది విసురుగా అన్నది కాదు, కోపంగా అన్నది కూడా కాదు. టైము ఎంతయిందంటే చెప్పినట్టు చెప్పింది. కాఫీ గిన్నె బల్ల మీద పెట్టి లోపలికెళ్ళింది. మా గ్యారేజీ సమావేశాల్లో ఆ మాట వినడం అదే మొదలు. దాన్ని మినిట్స్‌లో ఎలా రాయాలో తెలియక కాసేపు కలం పట్టుకుని ఉండిపోయాను. మొదటి జవాబు మొదటి జవాబే కదా, మర్యాదకు అలా అని ఉంటుంది, రెండుసార్లు బతిమాలితే సరిపోతుందని గేలెన్ సర్దిచెప్పాడు. అయితే ఆ రెండుసార్లూ ఎవరూ అడగలేదు. వెర్లిన్ కాన్సస్‌కి చోటు రాయించేశాడు.

సెప్టెంబరు తొమ్మిది, సోమవారం పొద్దున్న ఏడు గంటలకు ప్రయాణం. సాగనంపడానికి వీధిలో పదిహేను మందిమి కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. బండి పికప్‌కి తగిలించి సిద్ధంగా ఉంది. వెర్లిన్ బండిలో ఉన్న రెండో స్నానాల గదిలో గడ్డం గీసుకుంటున్నాడు. మార్వీన్ ఒక చిన్న సంచీ, ఆ పాత కేలండరూ తెచ్చి పికప్ ముందు సీట్లో పెట్టింది. తరువాత వెనక్కి వచ్చి బండి కాళ్ళు దించింది. కరెంటు తీగ ఊడదీసింది. వెనక తలుపు దించింది. కొక్కెం పిడి లాగింది. ఒక్క అంశం కూడా తప్పలేదు. ఆమె పికప్ ఎక్కి ముందుకు కదిలించేదాకా ఏం జరుగుతోందో మాకు అర్థం కాలేదు. అర్థమైనవాళ్ళం కూడా అడగలేదు. ఒకరి పనిలో తలదూర్చడం మాకు అలవాటు లేదు.

ఇల్లు కదిలినట్టనిపించి వెర్లిన్ సగం మొహానికి నురగతో గుమ్మంలోకొచ్చాడు. మార్వీన్ పికప్ అద్దం దించింది.

"వెర్లిన్, నేను సముద్రం దగ్గరికి పోతున్నా. నువ్వూ వస్తావా?"

ఇక్కడ సంఘం తరఫున ఒక విషయం స్పష్టం చేయాలి. వెర్లిన్ మనసులో వెళ్ళాలని ఉంది. అది మా పదిహేను మందికీ కనిపించింది. కాళ్ళు ఒక మెట్టు దిగాయి కూడా. కానీ అరవై ఏళ్ళ అలవాటు, నోరు దానంతటదే తెరుచుకుంది.

"అబ్బే, నాకెందుకులే. నువ్వెళ్ళిరా" అన్నాడు.

"సరే" అంది మార్వీన్. వెళ్ళిపోయింది.

గోదాము దగ్గర పడమటికి తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాం. ఆమె ఇంకా రెండుసార్లు అడగాల్సి ఉందని, పద్ధతి ప్రకారం ఆ బాకీ తీర్చకుండా ఊరు దాటే హక్కు ఆమెకు లేదని గేలెన్ వాదించాడు. వెర్లిన్ మెట్టు మీదే నిలబడ్డాడు. నురగ ఎండిపోయింది. మళ్ళీ అడగడానికి తిరిగొస్తుందని తొమ్మిది గంటల దాకా లోపలికి వెళ్ళలేదు. మేం కూడా కుర్చీలు మడవలేదు.

ఆ తరువాతి రోజుల్లో వెర్లిన్ బండిలోనే ఉన్నాడు. లాగే ట్రక్కు మార్వీన్ దగ్గరుంది కాబట్టి ఆ బండి ఎక్కడికీ కదలదు, ఇంట్లోకి వెళ్తే మార్వీన్ లేకపోవడం కనిపిస్తుంది. రోజుకొకరం వంట పట్టుకెళ్ళేవాళ్ళం. మూడుసార్లు బతిమాలితే రెండు ముద్దలు తినేవాడు. పొయ్యిలో మంట దానంతటది ఆడుతూ ఉండేది. ఎనిమిదో రోజున కార్డు ఒకటొచ్చింది. సంఘాన్ని అత్యవసరంగా సమావేశపరిచి వెర్లిన్ దాన్ని పైకి చదివాడు.

"సముద్రం ఉంది. నేననుకున్న దానికంటే చాలా ఉంది. చిన్న డేరా ఒకటి కొన్నాను, తొమ్మిదడుగులు, గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. కేలండర్లో ఉన్న చోటే ఇది. నువ్వూ వస్తావా? ఇది రెండోసారి. మార్వీన్."

గేలెన్ గొంతు సవరించుకున్నాడు. రెండోసారికి ఇవ్వాల్సిన జవాబు "నీకెందుకు శ్రమ" అనేదే కాబట్టి వెంటనే ఆ మేరకు కార్డు రాసెయ్యాలని, మూడో కార్డు రాగానే బావ గౌరవంగా బయలుదేరవచ్చని సూచించాడు. తపాలా లెక్క కట్టమని నన్నడిగారు. పోనూ రానూ కలిపి ఎనిమిది రోజులు, మధ్యలో ఆదివారం వస్తే తొమ్మిది. తీర్మానం రాయడానికి పుస్తకం తెరిచాను. వెర్లిన్ ఆ కార్డు బొమ్మ వైపు తిప్పి చాలాసేపు చూశాడు. లేచి తన ఇంటి తాళం తీసి వంటింట్లోకి వెళ్ళాడు. నేనూ వెనక వెళ్ళాను. కేలండరు ఉండే చోట గోడ మీద తెల్లటి చదరం ఉంది, మిగతా గోడంతా నలభై ఏళ్ళ వంటపొగకు పసుపెక్కింది.

"దాన్ని ఆమె మరిచిపోయి వదిలెయ్యలేదు కదూ?" అన్నాడు.

లేదన్నాను.

"నీకు తెలుసా?"

తెలుసు. ఇరవై ఏళ్ళ కిందటే మార్వీన్ ఆర్డిత్‌తో చెప్పింది, ఆర్డిత్ నాతో చెప్పింది. ఊళ్ళో సగం మందికి తెలుసు. కానీ మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఆ మాటే ఆయనతో అన్నాను. నాకు సిగ్గేసింది. వెర్లిన్ గోడ మీద ఆ తెల్లటి చదరాన్ని చేత్తో ఒకసారి తడిమాడు.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కాడు. మూడోసారి అడగక ముందే ఒప్పుకున్న ఊరి మనిషి కెట్లర్ బెండ్ చరిత్రలో ఆయనొక్కడే. రెండు రాత్రులు, ముగ్గురు డ్రైవర్లు, కాళ్ళకు ఇంటి చెప్పులు. వెళ్ళేటప్పుడు జాబితా కూడా తీసుకెళ్ళలేదు. ఈ నియమోల్లంఘనకు సంఘం తీవ్ర విచారం వ్యక్తం చేసింది.

వారం తరువాత ఫోన్ చేశాడు. గొంతు వెనక హోరు వినిపిస్తోంది. డేరాను ఇప్పటికి రెండుసార్లు కొలిచాడట, తొమ్మిదడుగులకు రెండంగుళాలు తక్కువే ఉందట. లోపల తిరిగి పడుకోవాలంటే ఇద్దరూ కలిసి తిరగాలట. మార్వీన్ ఎలా ఉందని అడిగాను.

"నడిమధ్యన కొంచెం మసక పెరిగిందంటోంది" అన్నాడు. "చుట్టూ ఉన్నది బాగా కనిపిస్తోందంట. సముద్రం చుట్టూనే ఉంది కదా, పర్లేదు అంది."  తరువాత, మధ్యలో ఉన్నదాన్ని తాను చెబుతూ ఉన్నానని, ఏ పడవ ఎంత పొడవుంటుందో కూడా చెబుతున్నానని, ఆమె వింటోందని అన్నాడు. మంచు పడేలోగా వస్తారట. బండిని ఎవరికైనా ఇచ్చెయ్యమన్నాడు.

ఈ విషయం మీద సంఘం చివరి సమావేశం గత గురువారం ఆ బండిలోనే జరిగింది. గేలెన్, నేను హాజరయ్యాం. పడుకునే కుర్చీలు చాలా సుఖంగా ఉన్నాయి. ఐస్ ముక్కల యంత్రం బాగా పనిచేస్తోంది. ఆర్నెల్లు విచారించిన మీదట, ఈ బండి ఎక్కడికీ వెళ్ళనివారి ప్రయాణ శైలికి అన్ని విధాలా సరిపోతుందని, ఊళ్ళో అలాంటివారికి కొరత లేదని తీర్మానించాం. దాన్ని నేను తీసుకుంటే బాగుంటుందని గేలెన్ అన్నాడు. వద్దన్నాను. నీకైతేనే నప్పుతుందన్నాడు. నీకెందుకు శ్రమ అన్నాను. మూడోసారి అడిగాడు.

అలాంటి నిర్ణయం ఒక్కణ్ణే తీసుకోవడం నా స్వభావం కాదు. ఇంటికెళ్ళి ఆర్డిత్‌ని అడిగాను. ఆమె గిన్నెలు కడుగుతూ, "నీ ఇష్టం" అంది. మా ఫ్రిజ్ తలుపు మీద ఏదో మంచుకొండ బొమ్మ ఉన్న అయస్కాంతం ఒకటి చాలా ఏళ్ళుగా ఉంది. ఎక్కడిదో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆమె జవాబును మినిట్స్‌లో "ఏకగ్రీవం" అని రాసుకున్నాను. నవ్వుతున్న పాఠకులకు మనవి, మీ ఇంట్లో ఇంతవరకు జరిగిన ఏకగ్రీవాల పుస్తకం కూడా ఒకసారి తెరిచి చూసుకోండి.

బండి రేపు గేలెన్ పికప్ వెనక మా ఇంటి ముందుకొస్తుంది. ఆర్డిత్ కూడా ఉత్సాహంగానే ఉంది. వారం రోజులుగా గేలెన్ భార్య దగ్గర పికప్ నడపడం నేర్చుకుంటోంది. నిన్న కొక్కెం విడదీయడం కూడా నేర్చుకుందట.